జాన్ గ్రాంట్: ప్లేగును లెక్కించిన వర్తకుడు

లండను నగర చరిత్రలో 1665, 1666 సంవత్సరాలు మరపురానివి. మొదటి ఏడు ప్లేగు మహామారి నగరాన్ని కబళించింది. రెండవ ఏడు అగ్ని దానిని దహించింది. ఆ అగ్నియే ప్లేగును రూపుమాపిందన్న నమ్మకం నేటికీ లోకంలో వ్యాపించి ఉంది. ఈ నమ్మకం ఎంతవరకు నిజమో తేల్చే సాధనాన్ని ఆ విపత్తులకు ముందే లోకానికి అందించిన మేధావి జాన్ గ్రాంట్.

గ్రాంట్ 1620 ఏప్రిల్ 24న లండనులో ఒక బట్టల వ్యాపారి ఇంట జన్మించాడు. విశ్వవిద్యాలయపు గడప తొక్కలేదు. సూదులు, దారాలు, గుండీలు వంటి చిల్లర సరుకుల వర్తకంలో శిక్షణ పొంది, స్వయంకృషితో ధనాన్నీ, నగరపాలక సభలో స్థానాన్నీ, పౌర సైన్యంలో మేజరు హోదానూ సంపాదించాడు.

ఆ కాలంలో లండనులో వారం వారం మరణ పట్టికలు అచ్చయ్యేవి. ఏ పేటలో ఎందరు, ఏ వ్యాధితో మరణించారో వాటిలో ఉండేది. ప్లేగు రోజులలో ధనవంతులు వాటిని చూచి ఊరు విడిచేవారు. తక్కినవారికి అవి పొద్దుపోక మాటలకు మాత్రమే పనికివచ్చేవి. గ్రాంట్ కొన్ని దశాబ్దాల పట్టికలను ముందుంచుకొని, కూడి, పోల్చి, 1662లో ఒక గ్రంథం ప్రకటించాడు. పుట్టిన ప్రతి వందమందిలో 36 మంది ఆరేండ్లు నిండకుండానే మరణిస్తున్నారని అందులో అంచనా కట్టాడు. శవాలను చూచి వ్యాధిని నిర్ణయించే వృద్ధస్త్రీలు లంచాలకు లొంగుతున్నారనీ, ప్లేగు మరణాలు నాలుగోవంతు వరకు మరుగున పడుతున్నవనీ చూపాడు. కొత్త రాజు సింహాసనమెక్కితే ప్లేగు వస్తుందని జనం నమ్మేవారు. 1603లోను, 1625లోను అలా జరిగిన మాట నిజమే. కాని 1636లో కొత్త రాజు లేకుండానే ప్లేగు వచ్చింది. 1660లో రెండవ ఛార్లెస్ రాజైనా మహామారి రాలేదు. ఈ విధంగా ఆ నమ్మకం తేదీల ముందు నిలువలేకపోయింది. ఈ గ్రంథం వల్ల ఒక సామాన్య వర్తకునికి రాయల్ సొసైటీలో సభ్యత్వం లభించింది.

మూడేండ్లకే ఆ శాస్త్రానికి ఘోరమైన పరీక్ష ఎదురైంది. 1665లో పట్టికల కెక్కిన ప్లేగు మరణాలే 68,596. సెప్టెంబరులో ఒక్క వారంలోనే ఏడువేల మందికి పైగా మరణించారు. చలికాలం రాగానే వ్యాధి తగ్గుముఖం పట్టింది. 1666 ఫిబ్రవరిలో రాజు తిరిగి నగరానికి వచ్చాడు. ఆ సంవత్సరమంతటికీ ప్లేగు మరణాలు సుమారు రెండువేలు మాత్రమే. 1666 సెప్టెంబరు 2వ తేదీ తెల్లవారుజామున పుడ్డింగ్ లేన్‌లోని ఒక రొట్టెల బట్టీలో నిప్పు రగిలి, నాలుగు రోజులలో 13,200 ఇళ్ళను బూడిద చేసింది. అప్పటికే వ్యాధి ఉధృతి అణగిపోయి ఉంది. పైగా కాలిపోయినది చాలవరకు కోటగోడల లోపలి వర్తక నగరం. ప్లేగు అధికంగా విజృంభించినది గోడల వెలుపలి వైట్‌చాపెల్, స్టెప్నీ వంటి పేదల పేటలలో. మంటలు అక్కడికి చేరనేలేదు. అయినా ఆ పేటలలోనూ, అగ్ని సోకని ఇంగ్లండులోని ఇతర పట్టణాలలోనూ కూడ ప్లేగు అంతరించింది. 1667 శాసనం మేరకు ఇటుకలతో కట్టిన కొత్త ఇళ్ళు ఎలుకలను కొంత దూరం చేసి ఉండవచ్చు. కాని అవి లేచేసరికే వ్యాధి కనుమరుగైంది. దాని నిష్క్రమణకు అసలు కారణమేమిటో పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. అగ్ని, ప్లేగుల సంబంధం కాకతాళీయమే: కాకి వాలింది, తాటిపండు రాలింది.

ఆ మంటలలో గ్రాంట్ ఇల్లు కూడ కాలిపోయింది. వ్యాపారం కుంగి, దివాలా తీశాడు. చిననాట ప్యూరిటన్‌గా పెరిగిన ఆయన అనంతరం క్యాథలిక్ మతాన్ని స్వీకరించాడు. అప్పటి ఇంగ్లండులో క్యాథలిక్కులు అల్పసంఖ్యాకులు. నగరాన్ని తగులబెట్టింది వారేనన్న పుకారు ఇంటింటా చెలరేగింది. మంటలు మొదలైన రెండు రోజుల తరువాత గాని లండనుకు చేరని ఒక ఫ్రెంచి గడియారాల పనివానిని ఆ నేరానికి ఉరితీశారు. గ్రాంట్ 1674 ఏప్రిల్ 18న పేదరికంలో కన్నుమూశాడు. మరణానంతరం కూడ నింద ఆయనను వదలలేదు. నగరానికి నీరందించే న్యూ రివర్ కంపెనీ నిర్వాహకుడుగా, అగ్నికి ముందురోజు ఆయన నీటిని కట్టివేశాడని ఒక చరిత్ర గ్రంథం ఆరోపించింది. చరిత్రకారులు కంపెనీ పుస్తకాలను తెరచి చూడగా, ఆయన ఆ పదవిలో చేరినది 1666 సెప్టెంబరు 25న అని తేలింది. అప్పటికి మంటలు చల్లారి మూడు వారాలు కావస్తున్నది.

తేదీలను సరిచూడమని లోకానికి నేర్పినవానిని చివరకు ఒక తేదీయే నిర్దోషిగా నిలబెట్టింది. లెక్కలు కేవలం సంఖ్యలు కావు. పుకారు బారిన పడిన మనిషికి అవే సాక్షులు. ఒక సంఘటన వెంట మరొకటి వచ్చినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణం కాజాలదని విద్యార్థులు ఈ వర్తకుని జీవితం నుండి గ్రహించాలి. వ్యాధి విషయంలోనైనా, సాటి మనిషిపై మోపే నేరం విషయంలోనైనా ఈ నియమం ఒక్కటే.