హ్యూ ఫాల్కనరు

హిమాలయములకు దక్షిణమున శివాలికులను కొండల వరుస కలదు. పూర్వము హిమాలయములనుండి దిగిన నదులు తెచ్చి పరచిన ఇసుకయు, ఒండ్రుమట్టియు పొరలు పొరలుగా గట్టిపడి, పిమ్మట పైకి లేచి ఈ కొండలైనవి. ఆ పొరలలో చిక్కుకొన్న జంతువుల యెముకలు రాళ్ళుగా మారినవి. వానినే శిలాజములందురు. ఆ రాతి యెముకలను పరిశోధించుటకు తన జీవితమును ధారపోసినవాడు హ్యూ ఫాల్కనరు.

ఆయన 1808లో స్కాట్లండులోని ఫారెసు పట్టణమున జన్మించెను. ఎడింబరోలో వైద్యవిద్య ముగించి, 1830లో ఈస్టిండియా కంపెనీ కొలువున వైద్యుడై కలకత్తా చేరెను. కాని ఆయన మనస్సు మందులకంటె మొక్కలమీదను, రాళ్ళమీదను హెచ్చుగా నుండెడిది. 1832లో సహారన్‌పూరులోని వృక్షోద్యానమునకు అధికారి యయ్యెను. శివాలికు కొండలు అచటికి చేరువ. యమునా కాలువ పనులు చూచుచుండిన కాట్లీ అను ఇంజనీరు ఆయనకు స్నేహితుడయ్యెను. ఇరువురును కొండలు గాలింప మొదలిడిరి. ఒకనాడు ఒక్కచోటనే, ఆరు గంటలలో, ఫాల్కనరునకు మూడు వందలకు పైగా శిలాజములు దొరకెను. ఏనుగులు, నీటిగుఱ్ఱములు, ఒంటెలు, మొసళ్ళు, తాబేళ్ళు - అన్నియు ఆ రాళ్ళలో నుండెను.

ఏ యెముక ఏ జంతువుదో తేల్చవలెనన్న బ్రదికియున్న జంతువుల యెముకలతో పోల్చి చూడవలెను. సహారన్‌పూరున అట్టి ప్రదర్శనశాల లేదు, గ్రంథములును అరుదు. అందుచే మిత్రులిద్దరు అడవులలోను, నదులలోను దొరకు జంతువుల అస్థిపంజరములను తామే సిద్ధపరచుకొనిరి. అవియే వారికి పాఠ్యగ్రంథములు.

వారు కనుగొన్న వానిలో ఒక బ్రహ్మాండమైన మెట్టతాబేలు కలదు. దాని డిప్ప పండ్రెండడుగుల పొడవుండునని వారు లెక్కగట్టిరి. ఆ లెక్క హెచ్చని తరువాతి విద్వాంసులు తగ్గించిరి. అయినను అది మహాకాయమే. 1844లో ఫాల్కనరు దానిని లండనులోని జంతుశాస్త్ర సంఘమువారికి వివరించెను. భూమిని మోయు కూర్మమును గూర్చిన మన పురాణకథకు ఇట్టి జంతువే మూలమై యుండవచ్చునని ఆయన ఊహించెను. ఆ ఊహకు ఆధారము దొరకలేదు.

అందరును ఆ మహాకూర్మమునే చూచి అబ్బురపడిరి. కాని దాని ప్రక్కనే దొరకిన ఒక చిన్న తాబేలు అంతకంటె గొప్ప సంగతి తెలిపినది. అది జానెడు మంచినీటి తాబేలు. దాని డిప్ప ఇంటికప్పువలె నడుమ ఎత్తై, ఇరుప్రక్కలకు వాలియుండును. గంగానదిలో అట్టి తాబేళ్ళు నేటికిని దుంగలమీది కెక్కి ఎండ కాచుకొనుచుండును. ఫాల్కనరు రాతిడిప్పను సజీవమైన తాబేటి డిప్పతో పోల్చిచూచెను. ఎంత వెదకినను భేదము కనుపింపలేదు! ఒక్కొక్క యుగాంతమున జంతుజాలమంతయు నశించి, క్రొత్తది పుట్టునని ఆ కాలమున పెక్కురు పండితులు నమ్ముచుండిరి. ఈ తాబేలు ఆ నమ్మకమునకు అడ్డు నిలిచెను. మహాకూర్మము అంతరించినది, అదే మట్టిలో పూడిన చిన్నది లక్షలాది సంవత్సరములు దాటి వచ్చినది.

1837లో లండను భూగర్భశాస్త్ర సంఘమువారు మిత్రులిద్దరికి వొలాస్టను పతకమొసగిరి. 1842లో అనారోగ్యముచే ఫాల్కనరు శిలాజముల పెట్టెలతో ఇంగ్లండునకు మరలెను. శివాలికు జంతువులనుగూర్చి మహాగ్రంథమును 1846లో ప్రారంభించెను గాని ముగింపలేకపోయెను. మరియొక మారు సరిచూడక వ్రాయుటకు ఆయనకు చేయాడెడిది కాదు. ఇది ఆయన గుణమును, లోపమును కూడ. 1848 మొదలు 1855 వరకు కలకత్తా వృక్షోద్యానమున పనిచేసి, ఉద్యోగము విరమించెను.

1859లో డార్విను జీవపరిణామమునుగూర్చిన గ్రంథమును ప్రకటించెను. ఫాల్కనరు ఆయనకు మిత్రుడు. క్రొత్త జాతులు పాతవానినుండియే వచ్చినవని ఫాల్కనరు ఒప్పుకొనెను. కాని కొన్ని జాతులు అంత దీర్ఘకాలము మారక నిలుచుట తానెరిగినవాడగుటచే, డార్విను చెప్పిన కారణమొక్కటే చాలదని తలచెను. అభిప్రాయభేదమున్నను, 1864లో రాయల్ సొసైటీవారి కాప్లే పతకము డార్విను కీయవలెనని పట్టుబట్టినవారిలో ఆయన యొకడు. అందులకై జిబ్రాల్టరునుండి చలిలో త్వరపడి లండనునకు వచ్చెను. ఆ ప్రయాణపు బడలికచే ఆయన దేహము క్రుంగెను. పతకము డార్వినునకు దక్కినది. 1865 జనవరి 31వ తేదీన ఫాల్కనరు మరణించెను.

ఆయన వ్రాసి విడిచిన కాగితములను ఛార్లెసు మర్చిసను కూర్చి, 1868లో రెండు సంపుటములుగా ప్రకటించెను.