రాళ్లకు రికార్డు రాసిన కల్నల్ మెకంజీ

మనలో రెవెన్యూ వైపు పనిచేసినవారికి కైఫీయతు అనే మాట కొత్తది కాదు. ఊళ్ల పుట్టుపూర్వోత్తరాలు రాసిన ఆ కాగితాలను పోగుచేయించిన కల్నల్ కాలిన్ మెకంజీ గురించి నాలుగు మాటలు రాయమని మిత్రులు కోరారు. ముప్ఫై ఏళ్లు ఫైళ్లు కట్టినవాణ్ణి కాబట్టి నాకు ఆయనలో దొర కంటే గుమాస్తాయే ఎక్కువగా కనిపిస్తాడు.

ఆయన 1754 ప్రాంతంలో స్కాట్లండుకు చెందిన లూయిస్ దీవిలో పుట్టారు. అక్కడ కస్టమ్స్ ఉద్యోగం చేసి, 1783లో కంపెనీ కొలువులో చేరి మద్రాసులో దిగారు. మళ్లీ స్వస్థలం చూడలేదు. 1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు. మన భాషలు ఆయనకు రావు. ఏలూరు వాస్తవ్యులు కావలి వెంకట బొర్రయ్యగారు ఆ లోటు తీర్చారు. నన్నడిగితే సగం కీర్తి బొర్రయ్యగారిదే. 1803లో, ముప్ఫై నిండకుండానే ఆయన పోతే సోదరులు లక్ష్మయ్యగారు ఆ పని అందుకున్నారు.

ఇక అమరావతి సంగతి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అక్కడ పట్టణం కట్టిస్తున్న రోజుల్లో దీపాలదిన్నె తవ్వితే ఇటుకలు, చెక్కిన పలకలు బయటపడ్డాయి. ఆ శతాబ్దం చివర మెకంజీ వచ్చి చూసి వెళ్లారు. 1816లో చిత్రకారులను వెంటబెట్టుకుని తిరిగి వచ్చేసరికి దిన్నె చాలావరకు చెదిరిపోయింది. మిగిలిన పలకలను ఒక్కొక్కటిగా గీయించి, బొమ్మల మీద తేదీలు వేయించారు. తర్వాత కొన్ని పలకలు మన బందరు చేరి, అటునుంచి మద్రాసు వెళ్లాయి. మరికొన్ని లండన్ చేరాయి.

మెకంజీ ఆ కట్టడాన్ని జైనులదనుకున్నారు. అది పొరపాటు. దాని కాలనిర్ణయం తర్వాతివారు పలకలను పక్కపక్కన పెట్టి చేశారు. పాతవాటిలో బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. చెట్టు కింద ఖాళీ సింహాసనమో, పాదముద్రలో ఉంటాయి. తర్వాతివాటిలో మనిషి రూపం కూడా వచ్చింది, బొమ్మలు కిక్కిరిశాయి. అయితే పాత గుర్తులను కూడా విడిచిపెట్టలేదు గనుక ఆ ఒక్క ఆనవాలు చాలదు. శాసనాల అక్షరాల తీరు, చెక్కడపు లోతు కూడా చూడాలి. బ్రిటిష్ మ్యూజియంలో ఒక పలకకు రెండు వైపులా చెక్కడం ఉంది. ఒకవైపు క్రీస్తుకు పూర్వపు ఖాళీ సింహాసనం, రెండో వైపు సుమారు 300 ఏళ్ల తర్వాత చెక్కిన స్తూపం. మనం పాత ఫారం తిరగేసి డ్రాఫ్టు రాసుకున్నట్టే! ఈరోజు విరిగిన పలక ఆనాడు నిండుగా ఎలా ఉండేదో, అసలు జాడ లేనిది ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే మెకంజీ గీయించిన బొమ్మలే దిక్కు.

1821 మే 8న కలకత్తా దగ్గర, ఉద్యోగంలో ఉండగానే ఆయన కన్నుమూశారు. ఆ సేకరణను కంపెనీవారు భార్య దగ్గర లక్ష రూపాయలకు కొన్నారు. 1828లో అచ్చయిన జాబితాలో శాసనాల నకళ్లు 8,076, నాణేలు 6,218. మిగిలిన పని తాము కొనసాగిస్తామని లక్ష్మయ్యగారు అర్జీ పెట్టుకున్నారు. నేటివు మనిషికి అంత పని అప్పగించడం కుదరదని త్రోసిపుచ్చారు.

బొమ్మల ఆల్బమ్ లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది.