ఆటోజైరో జనకుడు హువాన్ డి లా సియెర్వా

మన గుడ్లవల్లేరు కాలువగట్ల మీద పిల్లలు తాటాకు ముక్కలను అడ్డంగా అమర్చి, నడుమ తుమ్మముల్లు గుచ్చి, చేత పట్టుకొని పరుగెత్తడం మనమందరం ఎరిగిన దృశ్యమే. పిల్లవాడు పరుగెత్తినంతసేపూ ఆ తాటాకు గాలిమర గిరగిర తిరుగుతుంది. దానిని తిప్పుతున్నది వాని చేయి కాదు, ఎదురుగాలి. ఈ చిన్న సత్యాన్ని ఆధారంగా చేసుకొని మనుష్యులను ఆకాశంలో క్షేమంగా నిలిపిన మహామేధావి హువాన్ డి లా సియెర్వా. విద్యార్థి మిత్రులకు ఆయన జీవితాన్ని సంగ్రహంగా పరిచయం చేయాలని మా సంకల్పం.

సియెర్వా 1895 సెప్టెంబరు 21న స్పెయిన్ దేశంలోని ముర్సియా నగరంలో జన్మించాడు. ఉర్దూ సాహిత్యాభిమానులకు ఈ నగరం కొత్తది కాదు. ఇది అందలూసియా అరబ్బు పాలకులు 9వ శతాబ్దంలో నిర్మించిన పట్టణం, సూఫీ తత్త్వవేత్త ఇబ్న్ అరబీ జన్మస్థలం. సియెర్వా తండ్రి పలుమార్లు మంత్రిపదవి నిర్వహించిన ధనికుడు. అయినా కుమారుని మనస్సు అధికారం మీద గాక గాలిపటాల మీద, గ్లైడర్ల మీద లగ్నమయింది.

మాడ్రిడ్‌లో చదువుకొనే రోజులలో ఆయనకు ఇద్దరు స్నేహితులు దొరికారు. ఒకరు హోసే బార్కాలా, మరొకరు పాబ్లో దియాస్. దియాస్ వడ్రంగి కుటుంబానికి చెందినవాడు. జాన్ మోవే అనే ఫ్రెంచి పైలట్ వద్ద ప్రమాదంలో దెబ్బతిన్న సోమర్ విమానమొకటి ఉన్నది. దాని ఇంజనుతో కొత్త విమానం నిర్మించి ఇస్తామని ఈ కుర్రవాళ్లు ముందుకు వచ్చారు. అప్పటికి సియెర్వా వయస్సు 16 సంవత్సరాలు మాత్రమే.

ఇంజను సిద్ధంగా ఉన్నది గాని కొత్త ప్రొపెల్లర్ కొనే స్తోమత వారికి లేదు. ప్రొపెల్లర్‌కు పచ్చికర్ర పనికిరాదు. ఏళ్ల తరబడి ఆరి, ఇక వంకర పోవడానికీ పగలడానికీ అవకాశం లేని కర్ర కావాలి. దియాస్ దృష్టి ఒక పాత సారాయి దుకాణంలోని బల్లమీద పడింది. ఆ బల్ల చెక్కనే కొని, చెక్కి, నునుపు చేసి ఆయన ప్రొపెల్లర్ తయారు చేశాడు. ఎర్రరంగు అద్దిన ఆ విమానానికి పీత అని పేరు వచ్చింది. 1912లో మోవే దానిని గాలిలోకి లేపాడు. ఆ విజయంలో ఇంజనుకు ఎంత వాటా ఉన్నదో వడ్రంగి బాడితెకూ అంతే వాటా ఉన్నదని మేము భావిస్తున్నాము.

తరువాత సియెర్వా సివిల్ ఇంజనీరు పట్టభద్రుడయ్యాడు. 1919లో ఆయన రూపొందించిన మూడు ఇంజన్ల పెద్ద విమానం నేలకు సమీపంలో వేగం కోల్పోయి కూలిపోయింది. పైలట్ బ్రతికి బయటపడ్డాడు. అయితే సియెర్వా మనస్సులో ఒక ప్రశ్న నాటుకున్నది. వేగం తగ్గగానే రెక్క బలం కోల్పోవడమే ప్రమాదానికి మూలమైతే, విమానం ఆగినా ఆగని రెక్క ఉండరాదా? ఆ ప్రశ్నకు సమాధానమే ఆటోజైరో. ఇందులో ముందున్న ప్రొపెల్లర్‌ను ఇంజను తిప్పుతుంది. నెత్తిమీది పెద్ద రెక్కల చక్రాన్ని గాలి తిప్పుతుంది. మన ఉపమానంలో పరుగెత్తే పిల్లవాడు ప్రొపెల్లర్, చేతిలోని తాటాకు గాలిమర రోటర్.

మొదటి మూడు యంత్రాలూ విఫలమైనాయి. ముందుకు సాగే రెక్కకు గాలి ఎక్కువగాను, వెనుకకు మళ్లే రెక్కకు తక్కువగాను తగలడం వలన యంత్రం ఒక ప్రక్కకు ఒరిగిపోయేది. ఇంతకు ముందు చేసిన చిన్న నమూనా మాత్రం చక్కగా ఎగిరిందే! కారణం వెదకగా, నమూనా రెక్కలు బెత్తపు పుల్లలతో చేసినవి కావడం వలన తమంతట తాము వంగుతున్నాయని తేలింది. వెంటనే పెద్ద యంత్రపు రెక్కలను మొదట్లో కీళ్లతో అమర్చి, పైకీ క్రిందికీ కదలనిచ్చాడు. 1923 జనవరిలో గెతాఫె మైదానంలో నాల్గవ యంత్రం ఎగిరింది. కొద్దిరోజులకే గాలిలో ఉండగా ఇంజను ఆగిపోయింది. యంత్రం కూలిపోలేదు. క్రిందినుండి వీచే గాలికి రోటర్ తిరుగుతూనే ఉండగా అది నెమ్మదిగా నేలకు దిగింది.

ఇక్కడ ఒక అపోహను తొలగించడం అవసరం. రోటర్ కాపాడుతుంది గనుక ప్రొపెల్లర్ ఏదైనా చాలునని కొందరు భావించవచ్చు. అది సరికాదు. నేటికీ తేలికపాటి జైరోవిమానాలకు పాత ప్రొపెల్లర్ తీసి కొత్తది అమర్చేటప్పుడు ఎంతో వివేకం కావాలి. ప్రొపెల్లర్‌కు వ్యాసము, పిచ్ అనే రెండు కొలతలు ప్రధానం. ఒక చుట్టు తిరిగేసరికి మరవలె ఎంత ముందుకు దూసుకుపోవాలో చెప్పేది పిచ్. అది మరీ ఎక్కువైతే ఇంజను తన పూర్తి చుట్లను అందుకోలేదు, మరీ తక్కువైతే హద్దు మీరి తిరుగుతుంది. జైరోవిమానం మెల్లగా సాగే వాహనం గనుక దానికి పెద్ద వ్యాసము, తక్కువ పిచ్ అనుకూలం. అయితే వ్యాసానికీ హద్దు ఉన్నది. 1.7 మీటర్ల ప్రొపెల్లర్ నిమిషానికి 2,500 చుట్లు తిరిగితే దాని కొన సెకనుకు సుమారు 222 మీటర్ల వేగంతో పోతుంది. కొన ధ్వనివేగాన్ని, అనగా సుమారు 340 మీటర్లను సమీపించేకొలదీ మోత పెరిగి బలం వ్యర్థమవుతుంది.

మరొక ప్రమాదం ఇంతకంటె గూఢమైనది. ప్రొపెల్లర్ వెనుకనుండి నెట్టే నేటి జైరోలలో పెద్ద ప్రొపెల్లర్ పట్టడం కోసం ఇంజనును పైకి ఎత్తితే, నెట్టే రేఖ యంత్రపు బరువు కేంద్రం కంటె పైకి పోతుంది. రోటర్ మీద భారం తగ్గిన క్షణంలో ఆ నెట్టుడు ముక్కును క్రిందికి త్రోసి యంత్రాన్ని తలక్రిందులు చేయగలదు. ఎక్కువ బలం కోరి చేసిన మార్పే ప్రాణాంతకమవుతుంది.

అమర్చే విధానమూ అట్టిదే. ముందు ఇంజను స్విచ్చి ఆపి ఉన్నదని రూఢి చేసుకోవాలి. ప్రొపెల్లర్ ఇంజను తిరిగే దిశకు సరిపడినదో కాదో చూడాలి. అడ్డకడ్డీ మీద నిలిపి రెండు రెక్కల బరువు సమానమని తేల్చుకోవాలి. బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. పిమ్మట నేలపై ఒక గుర్తు నిలిపి, చేతితో తిప్పుతూ, రెండు కొనలూ ఒకే తావున పోతున్నవో లేదో పరీక్షించాలి. చెక్క వానకు ఉబ్బి ఎండకు కుదించుకుపోతుంది. మన డెల్టా ఇళ్ల తలుపులే దీనికి సాక్ష్యం. అందువలన మొదటి ప్రయాణం తరువాత బోల్టులను మరల సరిచూడడం తప్పనిసరి.

సియెర్వా కూడా ఒక లోపం బయటపడిన ప్రతిసారీ యంత్రాన్ని సరిదిద్దుకుంటూ పోయాడు. 1925లో ఇంగ్లండులో ఆటోజైరో ప్రదర్శన జరిగింది. మరుసటి సంవత్సరం అక్కడే ఆయన సంస్థ వెలిసింది. 1927లో ఒక యంత్రం రెక్క గాలిలో ఊడిపోగా, రెక్కలు ముందువెనుకలకు కదలడానికి మరొక కీలు చేర్చాడు. ఆ యేడే తాను స్వయంగా విమానం నడపడం నేర్చుకొని, 1928 సెప్టెంబరు 18న ఇంగ్లిషు ఛానల్ దాటాడు. తోకను వంచి ప్రొపెల్లర్ గాలిని పైకి మళ్లించి రోటర్‌ను తిప్పే ఉపాయం కూడా ఆయనదే. 1934లో చిన్న రెక్కలు సైతం లేని యంత్రంతో స్పెయిన్ యుద్ధనౌక మీద దిగాడు.

ఆయన జీవితంలో రాజకీయపు నీడ కూడా ఉన్నది. 1936లో జనరల్ ఫ్రాంకో తిరుగుబాటుకు ఉపయోగపడిన విమానాన్ని లండన్‌లో సమకూర్చడంలో ఆయన తోడ్పడ్డాడు. అదే అంతర్యుద్ధంలో ఆయన సోదరుడు ప్రత్యర్థుల చేతిలో హతుడయ్యాడు. శాస్త్రజ్ఞుని ప్రతిభను మెచ్చుకొనేటప్పుడు ఈ విషయాన్ని దాచడం మాకు సమ్మతం కాదు. 1936 డిసెంబరు 9న క్రాయిడన్ విమానాశ్రయంనుండి దట్టమైన మంచులో బయలుదేరిన ప్రయాణికుల విమానం కూలి సియెర్వా మరణించాడు. అది ఆయన కనిపెట్టిన యంత్రం కాదు, మామూలు రెక్కల విమానం. నేల సమీపంలో విమానాలు కూలిపోరాదని జీవితమంతా పాటుపడినవాడు అట్టి ప్రమాదంలోనే 41వ యేట కన్నుమూయడం విధి వైపరీత్యం.

ఆయన కీళ్ల ఉపాయం తరువాతి హెలికాప్టర్లకు పునాది అయింది. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత దివిసీమలో దారులన్నీ నీట మునిగినపుడు హెలికాప్టర్లు ఆహార పొట్లాలు జారవిడిచిన సంగతి మన పెద్దలు నేటికీ తలచుకుంటారు. ఆ తిరిగే రెక్కల వెనుక ముర్సియా యువకుని ఆలోచన ఉన్నది. ఆ యువకుని తొలి విజయం వెనుక ఒక వడ్రంగి బిడ్డ చేతిపని ఉన్నది. పుస్తకం పట్టిన చేయి పనిముట్టు పట్టిన చేతిని చిన్నచూపు చూడరాదని, రెండూ కలిసినప్పుడే విద్య సార్థకమవుతుందని మన విద్యార్థులు గ్రహింతురు గాక!