బీడును పండించి, ఫలాన్ని పంచిన సర్ గంగారామ్

దిల్లీ రాజేంద్రనగర్‌లోని సర్ గంగారామ్ ఆసుపత్రి పేరు వార్తల్లో తరచూ వినిపిస్తుంది. ప్రముఖులు చికిత్స కోసం అక్కడ చేరినప్పుడల్లా ఆ పేరు మన చెవిన పడుతుంది. అయితే ఆ పేరుగల మనిషి ఆ భవనాన్ని చూడనే లేదు. ఆయన నెలకొల్పిన ఆసుపత్రి లాహోరులో ఉంది. నేటికీ అదే పేరుతో రోగులను ఆదుకుంటోంది. సరిహద్దుకు ఇరువైపులా రెండు వైద్యాలయాలకు ఒకే పేరు మిగిలిన వైనం తెలుసుకోదగినది.

గంగారామ్ 1851 ఏప్రిల్‌లో పంజాబులోని మంగ్తాన్‌వాలా గ్రామంలో జన్మించారు. ఇప్పుడు ఆ ఊరు పాకిస్థాన్‌లో, నన్‌కానా సాహిబ్ సమీపాన ఉంది. తండ్రి దౌలత్ రామ్ పోలీసు శాఖలో చిరుద్యోగి. కుటుంబం అమృత్‌సర్‌కు తరలివెళ్ళిన తరువాత గంగారామ్ అక్కడ పాఠశాల విద్య ముగించి, లాహోరు ప్రభుత్వ కళాశాలలో చేరారు. అనంతరం ఉపకార వేతనంతో రూర్కీలోని థామసన్ ఇంజినీరింగ్ కళాశాలలో చదివి, 1873లో ఉత్తీర్ణులయ్యారు.

ప్రజాపనుల శాఖలో చేరిన ఆయన క్రమంగా లాహోరు ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు పదవికి చేరుకున్నారు. సుమారు పన్నెండేళ్ళపాటు ఆ బాధ్యతలో ఉన్నారు. మాల్ రోడ్డు మీదుగా నడిచేవారికి నేటికీ కనిపించే మ్యూజియం, ప్రధాన తపాలా కార్యాలయం, ఎచిసన్ కళాశాల వంటి కట్టడాలు ఆయన పర్యవేక్షణలో రూపుదిద్దుకున్నవే. ఎర్ర ఇటుక, తోరణాలు, గుమ్మటాలు కలిసిన ఆ నిర్మాణ రీతి లాహోరుకు ఒక ముఖచిత్రాన్ని ఇచ్చింది. ఆధునిక లాహోరు పితామహుడని ఆయనను పిలవడం అందుకే. 1903లో ప్రభుత్వోద్యోగం నుంచి విరమించి, కొంతకాలం పటియాలా సంస్థానంలో నిర్మాణ పనులు పర్యవేక్షించారు.

సాధారణంగా ఒక ఉద్యోగి జీవితకథ ఇక్కడితో ముగుస్తుంది. గంగారామ్ విషయంలో అసలు కథ ఇక్కడే మొదలైంది.

ఆ రోజుల్లో బ్రిటిష్ ప్రభుత్వం పశ్చిమ పంజాబులో భారీ కాలువలు తవ్వించి, కొత్త వ్యవసాయ వసతులను నెలకొల్పుతోంది. బార్ అని పిలిచే ఆ మెట్ట ప్రాంతాలు కాగితాల మీద బంజరులే కాని, నిర్మానుష్యాలు కావు. తరతరాలుగా పశువులను మేపుకొని బతికిన సంచార సమూహాలు అక్కడ ఉండేవి. కాలువలు రావడంతో వారి మేతభూములు తరిగిపోయాయి. గంగారామ్ సాధించిన విజయాన్ని చెప్పుకొనేటప్పుడు ఈ నష్టాన్నీ గుర్తుంచుకోవడం న్యాయం.

లయల్‌పూర్ జిల్లాలో తనకు లభించిన భూమిలో ఆయన గంగాపూర్ గ్రామాన్ని నెలకొల్పారు. అక్కడి చిక్కు ఏమిటంటే, పొలాలు కాలువ మట్టం కంటే ఎత్తున ఉన్నాయి. నీరు కళ్ళెదుటే పారుతున్నా చేనుకు ఎక్కదు. యంత్రాలతో నీటిని పైకి తోడి పొలాలకు మళ్ళించడమే ఆయన చూపిన పరిష్కారం. ఎత్తిపోతల పథకాలు మనకు ఇప్పుడు సుపరిచితమే కాని, నూరేళ్ళకు ముందు ఒక వ్యక్తి సొంత ధనంతో అందుకు పూనుకోవడం సాహసమే. బుచియానా రైల్వే స్టేషను నుంచి గంగాపూర్‌కు పట్టాలు వేయించి, గుర్రం లాగే బండి నడిపించారు. ఆ గుర్రపు రైలు ఆయన తదనంతరం కూడా చాలా దశాబ్దాలు ప్రయాణికులను చేరవేసింది.

ఆపై మాంట్‌గోమరీ జిల్లాలో సుమారు 50 వేల ఎకరాల బీడును కౌలుకు తీసుకొని, పిల్ల కాలువలతో సాగులోకి తెచ్చారు. కాలువ నీరు దిగువకు దూకేచోట ఉన్న శక్తితో విద్యుత్తు పుట్టించి, అదే విద్యుత్తుతో నీటిని ఎత్తిపోయించడం ఆయన ఆలోచన. 1925లో రెనాలా ఖుర్ద్ వద్ద వెలసిన జలవిద్యుత్ కేంద్రం ఆ ఆలోచనకు రూపం.

భూమి ఇచ్చిన సంపదను గంగారామ్ నగరానికి మళ్ళించారు. 1914లో వితంతు వివాహాలకు తోడ్పడే సభను స్థాపించారు. నిరాశ్రయులైన వితంతువులకు ఆశ్రమం ఏర్పరచి, వారు స్వశక్తితో బతికేందుకు చదువు, చేతిపనులు నేర్పించే ఏర్పాటు చేశారు. 1921లో లాహోరు నడిబొడ్డున పేదలకు ఉచిత వైద్యశాల తెరిచారు. అదే పెద్ద ఆసుపత్రిగా ఎదిగింది. 1923లో ధర్మనిధిని నెలకొల్పి, ఈ సేవలన్నిటికీ స్థిరమైన ఆదాయం కల్పించారు. దాత కన్నుమూసినా దానం ఆగకూడదన్నది ఆ ఏర్పాటులోని ముందుచూపు.

1922లో ఆయనకు సర్ బిరుదు లభించింది. భారత వ్యవసాయంపై నియమితమైన రాయల్ కమిషన్‌లో సభ్యునిగా పనిచేస్తూ, 1927 జూలై 10న లండన్‌లో మరణించారు. అస్థికల్లో కొంత భాగాన్ని గంగలో కలిపారు. మిగిలిన భాగాన్ని లాహోరుకు తెచ్చి, రావీ నది సమీపాన సమాధి నిర్మించారు.

ఇరవై ఏళ్ళకు దేశం రెండయింది. గంగారామ్ కుటుంబీకులు భారతదేశానికి తరలివచ్చారు. ఆ నాటి మతోన్మాదాన్ని సాదత్ హసన్ మంటో ఒక చిన్న కథలో బంధించారు. అందులో అల్లరిమూక గంగారామ్ విగ్రహంపై దాడికి దిగుతుంది. చెప్పుల దండ వేయబోయిన వ్యక్తి పోలీసు కాల్పుల్లో గాయపడతాడు. గుంపు వెంటనే అతణ్ణి తీసుకుపోవాలనుకొనేది గంగారామ్ ఆసుపత్రికే. ఎవరిని తరిమివేశారో ఆయన కట్టిన ఆసుపత్రే దిక్కయిందన్న చేదు నిజం ఆ కథలో ఉంది.

దిల్లీలో అదే పేరుతో ఆసుపత్రిని 1954లో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. 1992లో అయోధ్య ఘటన దరిమిలా లాహోరులో చెలరేగిన అల్లర్లలో ఆయన సమాధి దెబ్బతింది. తరువాత దానిని పునరుద్ధరించారు. లాహోరు ఆసుపత్రి పేరు మాత్రం ఇన్నేళ్ళలోనూ మారలేదు. అక్కడి వార్డుల్లో నేడు చికిత్స పొందేవారిలో అత్యధికులు ఆయన మతస్థులు కారు. ఆ సేవను నెలకొల్పిన నాడు ఆయన చూసినది రోగి పేదరికాన్నే. ఆ పునాది గట్టిది కనుకనే, ఊరు చేతులు మారినా పేరు నిలిచింది.