బెర్తా బెంజ్

ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని పెద్దలు చెప్పుదురు. ఈ మాట మనుష్యులకే కాక యంత్రములకును వర్తించును. కర్మశాలలో చక్కగా తిరిగిన యంత్రము ఎండకు, దుమ్ముకు, ఎత్తుపల్లములకు ఓర్చి బాటపై నిలిచినప్పుడే లోకము దానిని విశ్వసించును. పెట్రోలుతో నడచు మోటారు బండిని నిర్మించిన కార్ల్ బెంజ్ పేరు లోకమెరిగినదే. ఆ బండిచేత రచ్చ గెలిపించినది మాత్రము ఆయన భార్య బెర్తా.

బెర్తా 1849వ సంవత్సరము మే నెల 3వ తేదీన ఫోర్జ్‌హైమ్ పట్టణమున జన్మించెను. బంగారు నగల పనికి పేరువడసిన ఆ పట్టణము అప్పుడు బాడెన్ సంస్థానములోనిది. ఇప్పుడు జర్మనీ దేశములోనిది. ఆమె తండ్రి కార్ల్ ఫ్రీడ్రిష్ రింగర్ వడ్రంగమున నేర్పరి. గృహనిర్మాణము వలన ధనము గడించినవాడు. కుమారుని కోరుకొన్న ఆ తండ్రి, మరల ఆడపిల్లయే పుట్టెనను విచారమును కుటుంబ గ్రంథములో వ్రాసి ఉంచెననియు, ఆ వ్రాత తరువాత కుమార్తె కంటబడి ఆమె మనస్సును నొప్పించెననియు చెప్పుదురు. ఆడపిల్ల అయినంత మాత్రమున తెలివికేమి కొరత అను ప్రశ్న ఆమె హృదయములో నాటుకొనెను.

బాల్యమునుండియు ఆమెకు యంత్రములనిన ఆసక్తి మెండు. బాలికల పాఠశాలలో చదువునప్పుడు ప్రకృతి శాస్త్రములు ఆమెకు ప్రీతిపాత్రములయ్యెను. కాని అంతకు మించి చదువుటకు ఆ కాలమున మార్గము లేదు. బాడెన్ విశ్వవిద్యాలయములు స్త్రీలను విద్యార్థినులుగా చేర్చుకొనుటకు 1900వ సంవత్సరము వరకు వేచియుండవలసివచ్చెను. బెర్తా యంత్రవిద్యను కళాశాలలో కాక జీవితములోనే నేర్చుకొనెను.

1869వ సంవత్సరమున ఒక వనవిహార సందర్భమున ఆమెకు కార్ల్ బెంజ్‌తో పరిచయము కలిగెను. ఆయన తండ్రి రైలు ఇంజను నడుపువాడు. బిడ్డకు రెండేండ్లయినను నిండకముందే ఆ తండ్రి మరణింపగా, తల్లి పేదరికమున కష్టపడి కుమారుని కార్ల్స్‌రూహె పాలిటెక్నిక్కులో చదివించెను. గుఱ్ఱములు లేక తనంత తానే నడచు బండిని నిర్మింపవలెనన్నది కార్ల్ చిరకాల వాంఛ. వినినవారు నవ్వుచుండిరి, బెర్తా నవ్వలేదు. ఆయన చెప్పిన ప్రతి వివరమును శ్రద్ధతో ఆలకించి, అది సాధ్యమని నమ్మెను.

1871వ సంవత్సరమున కార్ల్ ఒక భాగస్వామితో కలసి మన్‌హైమ్ నగరమున కర్మశాల స్థాపించెను. ఆ భాగస్వామి నమ్మదగినవాడు కాడని త్వరలోనే తేలెను. అతని వాటాను కొని పంపివేయుటకు కార్ల్ చేతిలో ధనము లేదు. అప్పుడు బెర్తా, వివాహమునకు ముందే తన స్త్రీధనమును ఇప్పించుమని తండ్రిని కోరెను. ఆ ధనముతో కర్మశాల నిలిచెను. 1872వ సంవత్సరము జూలై 20వ తేదీన వారి వివాహము జరిగెను.

తరువాతి సంవత్సరములు కష్టములతో గడచెను. దేశమున వ్యాపారములు దెబ్బతినెను. ఇంటిలో పిల్లలు, వాకిట అప్పులవారు. ఆ దినములలో కార్ల్ ఒక ఇంజనును నిర్మించి, దానిని నడిపించుటకు ఎంతయో శ్రమపడుచుండెను. 1879వ సంవత్సరపు చివరి రాత్రి, భోజనమైన పిమ్మట, మరొకసారి ప్రయత్నింతమని బెర్తా భర్తను ప్రోత్సహించి కర్మశాలకు తీసికొనిపోయెను. ఆ రాత్రి ఇంజను ఆగక తిరిగెను. నూతన సంవత్సరపు గంటలు మ్రోగువేళకు ఆ దంపతుల చెవులకు ఇంజను చప్పుడే మంగళవాద్యమయ్యెను.

కార్ల్ 1883వ సంవత్సరమున బెంజ్ కంపెనీని నెలకొల్పెను. 1886వ సంవత్సరము జనవరి 29వ తేదీన తన మూడు చక్రముల మోటారు బండికి పేటెంటు కోరుచు దరఖాస్తు పెట్టెను. దానికి లభించిన పేటెంటు సంఖ్య 37435. ఆ సంవత్సరము జూలైలో మన్‌హైమ్ వీధిలో బండి నడిచెను. జనులు వింతగా చూచిరి, కొందరు భయపడిరి, కొనువారు మాత్రము రాలేదు. గుఱ్ఱములేని ఆ బండి నడిబాటలో నిలిచిపోయినచో గతియేమని వారి సందేహము. కార్ల్ సహజముగా జంకువాడు. బండిని ఇంకను మెరుగుపరుపవలెనని కర్మశాలలోనే కాలము గడుపుచుండెను. ఆమె స్త్రీధనము, ఆయన యౌవనము, పిల్లల భవిష్యత్తు, అన్నియు ఆ బండిమీదనే ఆధారపడియుండెను. మాటలతో తీరని సందేహము ప్రయాణముతోనే తీరునని బెర్తా నిశ్చయించుకొనెను.

1888వ సంవత్సరము ఆగస్టు నెలలో పాఠశాలలకు సెలవులిచ్చిరి. ఒకనాడు తెల్లవారుజామున, కార్ల్ నిద్రలోనుండగనే, బెర్తా తన కుమారులైన 15 ఏండ్ల ఓయ్గెన్‌ను, అతని తమ్ముడు రిచర్డును వెంటబెట్టుకొని కర్మశాలనుండి బండిని చప్పుడు కాకుండ బయటికి త్రోసికొనిపోయెను. ఇల్లు కొంత దూరమైన పిమ్మట ఇంజనును త్రిప్పిరి. ఫోర్జ్‌హైమ్‌లోని తల్లిని చూడబోవుట పైకి కనబడు కారణము. ఆ ఊరు 100 కిలోమీటర్లకు పైబడిన దూరమున నుండెను. అంతవరకు మోటారు బండ్లు ఊరిలోను ఊరి చుట్టుపట్లను మాత్రమే, అదియు కొద్దిపాటి దూరములే తిరిగియుండెను.

ఆ ప్రయాణములోని కష్టములను గ్రహించుటకు ముందు ఇంజను నడచు తీరును తెలిసికొనవలెను. ఇంజనుకు ముఖ్యముగా రెండు వస్తువులు కావలెను. ఒకటి ఆహారము, రెండవది నిప్పు. ఇంధనపు ఆవిరి గాలితో కలసి ఇంజనులోనికి పోవుట ఆహారము. ఆ మిశ్రమమును మండించు విద్యుత్తు రవ్వ నిప్పు. ఆ బండిలో ఇంధనమును తోడు పంపు లేదు. ఇంజను గాలిని లోనికి పీల్చుకొనునప్పుడు ఆ గాలితోబాటు ఇంధనపు ఆవిరియు పోవుచుండెను. బ్యాటరీ నుండి వచ్చు విద్యుత్తు ఒక తీగచుట్ట ద్వారా బలము పుంజుకొని, స్పార్కు ప్లగ్గు కొనలో రవ్వగా వెలువడుచుండెను. ఈ రెండు మార్గములలో ఏది తెగినను ఇంజను ఆగును. కాబట్టి ఆగిన ఇంజనును ఊరక కొట్టిచూచుట వలనను, పదేపదే త్రిప్పుట వలనను లాభము లేదు. ఆహారము అందుచున్నదా, నిప్పు అందుచున్నదా అని మొదటినుండి చివరివరకు మార్గమును వెదకుటయే పద్ధతి. భర్త ప్రక్కన నిలిచి అన్ని సంవత్సరములు పనిచూచిన బెర్తాకు ఈ మార్గములు తన ఇంటి గదులవలె పరిచితములు.

మొదటి కొరత ఇంధనమే. బండిలో పట్టిన ఇంధనము కొద్దిపాటిది. హైడెల్‌బర్గు దాటి వీస్‌లోఖ్ అను ఊరు చేరునప్పటికి అది అడుగంటెను. ఆ దినములలో పెట్రోలు అమ్ము బంకులు లేవు. ఆ ఇంజనుకు కావలసిన లిగ్రోయిన్ అను ద్రవమును గుడ్డలపై మరకలు పోగొట్టుటకై మందుల దుకాణములలో చిన్న సీసాలలో అమ్ముచుండిరి. బెర్తా ఆ ఊరి మందుల దుకాణమునకు పోయి లిగ్రోయిన్ కొని బండికి పోసెను. లోకములోని మొట్టమొదటి పెట్రోలు బంకు అని ఆ దుకాణమునకు తరువాత పేరు వచ్చెను.

మరికొంత దూరము పోయినపిదప ఇంధనమున్నను ఇంజను నిలిచిపోయెను. ఇంధనము పోవు సన్నని గొట్టములో మలినము చేరి దారి మూసికొనియుండెను. బెర్తా తన టోపీకి గ్రుచ్చుకొన్న పొడవైన సూదిని తీసి గొట్టములో పోనిచ్చి మలినమును తొలగించెను. ఇంధనమునకు దారి ఏర్పడెను. ఇంజను మరల తిరిగెను.

రెండవమారు లోపము నిప్పు మార్గములో కలిగెను. రవ్వకు విద్యుత్తును కొనిపోవు తీగమీది పూత అరిగి, లోపలి లోహము బయటపడెను. అట్టి తీగ బండియొక్క లోహభాగములకు తగిలినచో విద్యుత్తు చేరవలసిన చోటికి చేరక అడ్డదారిన పోవును. ప్లగ్గులో రవ్వ పుట్టదు. బెర్తా తన మేజోడు జారకుండ కట్టుకొన్న సాగుపట్టీని విప్పి, అరిగినచోట తీగకు చుట్టెను. ఆ పట్టీ విద్యుత్తును లోహమునకు తగులనీయక కాపాడెను. సూది, పట్టీ చిన్న వస్తువులే. కాని లోపమెక్కడనున్నదో తెలిసినవారి చేతిలో చిన్న వస్తువే పెద్ద పనిముట్టగును.

కష్టములు అంతటితో తీరలేదు. ఇంజను వేడిని చల్లార్చు నీరు ఆవిరియై పోవుచుండుటచే దారిలోని బావులయొద్దను, వాగులయొద్దను మాటిమాటికి నీరు పోయవలసివచ్చెను. సాగిపోయిన గొలుసును బ్రూఖ్‌సాల్‌లో ఒక కమ్మరి సరిచేసెను. ఎత్తు దారులను బండి ఎక్కలేకపోయినప్పుడు తల్లియు కుమారులును దిగి త్రోసిరి. పల్లపు దారులలో కొయ్యతో చేసిన బ్రేకులు అరిగిపోగా, బెర్తా ఒక చెప్పులు కుట్టువానిచే వానికి తోలు కొట్టించెను. బ్రేకులకు మెత్తని పొర తొడుగుట అట్లు మొదలయ్యెను.

ప్రొద్దు క్రుంకిన తరువాత వారు ఫోర్జ్‌హైమ్ చేరిరి. బెర్తా వెంటనే భర్తకు క్షేమముగా చేరితిమని తంతి పంపెను. కొన్ని దినముల పిదప వేరొక దారిని అదే బండిలో మన్‌హైమ్‌కు తిరిగివచ్చెను. దారిపొడవున జనులు ఆ వింతబండిని గూర్చియే చెప్పుకొనిరి. నడిబాటలో నిలిచిపోయినచో గతియేమన్న సందేహమునకు ఆమె ప్రయాణమే సమాధానమయ్యెను. బండి నిలిచెను, లోపము దొరికెను, బండి మరల నడచెను.

ఆమె తెచ్చిన పేరుకంటె ఆమె తెచ్చిన అనుభవము విలువైనది. ఎత్తులెక్కుటకు మరొక గేరు కావలెనని ఆమె చెప్పగా కార్ల్ దానిని అమర్చెను. ఆ సంవత్సరమే మ్యూనిక్ నగరములో జరిగిన ప్రదర్శనమున బెంజ్ బండి గొప్ప మెప్పును పొందెను. క్రమముగా కొనువారు పెరిగిరి. 1899వ సంవత్సరమున బెంజ్ కంపెనీ 572 బండ్లను అమ్మి, నాటి లోకములో అతిపెద్ద మోటారు కంపెనీగా నిలిచెను.

తరువాత బెంజ్ కుటుంబము లాడెన్‌బర్గులో స్థిరపడెను. కార్ల్ 1925వ సంవత్సరమున ప్రకటించిన తన జీవితచరిత్రలో భార్య చేసిన సాయమును కృతజ్ఞతతో స్మరించెను. ఆయన 1929వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన పరమపదించెను. 1944వ సంవత్సరమున బెర్తాకు 95 ఏండ్లు నిండిన దినమున, ఆమె భర్త చదివిన కార్ల్స్‌రూహె విద్యాలయము ఆమెకు గౌరవ సెనేటరు పదవి నొసగెను. ఆడపిల్లయని తండ్రి విచారించిన బిడ్డను ఒక విద్యాలయము పిలిచి గౌరవించెను. రెండు దినముల తరువాత, మే 5వ తేదీన, ఆమె కన్నుమూసెను. ఆమె పోయివచ్చిన దారికి 2008వ సంవత్సరమున బెర్తా బెంజ్ స్మారక మార్గమని పేరిడిరి. దాని పొడవు 194 కిలోమీటర్లు.

నేటి పెట్రోలు కారులలో ఇంధనపు తొట్టిలోనే విద్యుత్తుతో తిరుగు పంపు ఉండును. దానికి బ్యాటరీనుండి ఫ్యూజు, రిలే, తీగల ద్వారా విద్యుత్తు చేరును. కారు నిలిచినప్పుడు అనుభవముగల మెకానిక్కు మొదట తాళము త్రిప్పి పంపు చప్పుడు వినవచ్చునా అని చెవియొగ్గును. చప్పుడు లేనిచో ఫ్యూజును, రిలేను, తీగలను వరుసగా పరీక్షించును. పంపువద్దకు విద్యుత్తు చేరుచున్నదా, తిరిగి పోవు ఎర్తు తీగ గట్టిగానున్నదా అని చూచును. ఆ రెండును సరిగానుండియు పంపు తిరుగనిచో లోపము పంపులోనిదే. పంపు తిరుగుచున్నను ఇంధనము చాలినంత అందనిచో గొట్టమును, వడపోతను శోధించును. మంచి పంపును తీసివేసి క్రొత్తది వేయుటకంటె, అరిగిన ఒక తీగను కనుగొని సరిచేయుట మేలని అతడెరుగును. సాధనములు మారినవి, వెదకు పద్ధతి మారలేదు.

బెర్తా ధైర్యవంతురాలని అందరును పొగడుదురు. ఆ ధైర్యము ఊరక వచ్చినది కాదు. తాను ఎక్కిన బండిలో ఏది ఎక్కడనుండి ఎక్కడికి పోవునో ఆమె ఎరుగును. ఎరుకగలవానికి నడిబాటలో నిలిచిన యంత్రము భయహేతువు కాదు. పరిష్కరింపదగిన ప్రశ్న మాత్రమే.