పావులూరి మల్లన

రాజరాజనరేంద్రుడు (క్రీ.శ. 1022–1061) రాజమహేంద్రవరమున కొలువుదీరిన కాలమనగానే మనకు నన్నయభట్టు జ్ఞప్తికి వచ్చును. ఆ కాలముతో ముడివడిన మరియొక పేరు పావులూరి మల్లన. భారతమునకు దక్కిన ఖ్యాతి లెక్కలకు దక్కలేదు. ఇందుకు మేము ఆశ్చర్యపడము గాని చింతింపక మానము.

మల్లన వంశము కమ్మనాటి పావులూరికి చెందినది. పిఠాపురము చెంతనున్న నవఖండవాడను రాజరాజనరేంద్రుడు ఈ వంశమునకు అగ్రహారముగా నొసగెను. దానము స్వీకరించిన మల్లనయే గ్రంథకర్తయా, లేక ఆ పేరే గల మనుమడా యను విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. మనుమడే యైనచో రచనాకాలము 12వ శతాబ్దికి జరుగును. తాత పేరు మనుమనికి పెట్టు మన ఆచారము తెచ్చిన చిక్కు ఇది!

9వ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని యేలుబడిలో జైనుడైన మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును మల్లన పద్యములలో తెనిగించెను. తాను శైవుడగుటచే జైన ప్రసంగములకు మారుగా శైవ ప్రసంగములను చేర్చెను. మూలమున 24 అంకస్థానములకే పేర్లుండగా ఈతడు 36 స్థానముల వరకు చెప్పెను. ఇది కేవలము అనువాదమనుట మాకు సమ్మతము గాదు.

ఆయన పేర ప్రసిద్ధమైన పద్యమొకటి చదరంగపు లెక్కను చెప్పును. మొదటి గడిలో ఒక గింజ, రెండవ దానిలో రెండు, మూడవ దానిలో నాలుగు, ఇట్లు 64 గడులకు రెట్టింపు చేయుచు పోయినచో మొత్తమెంత? 1,84,46,74,40,73,70,95,51,615. ఇరువది అంకెల ఈ సంఖ్యను మల్లన మాటలలో దాచెను. చంద్రుడనగా ఒకటి, వేదములనగా నాలుగు, బాణములనగా ఐదు, ఆకాశమనగా సున్న. మొదటి మాట ఒకట్ల స్థానమునకు చెందును. కనుక అంకెలను కుడి నుండి ఎడమకు వ్రాసికొనవలెను. లేఖకుడు ఒక మాట జారవిడిచినచో ఛందస్సే పట్టియిచ్చును. తాళపత్రముల కాలమున ఇంతకు మించిన కాపలా ఏమి కలదు?

సరిచూచుటకు 63 గుణకారములు అక్కరలేదు. రెండును వర్గము చేసిన 4, దానిని వర్గము చేసిన 16, పిదప 256, 65,536, అటుపై 429,49,67,296. ఆరవమారు వర్గము చేసి ఒకటి తీసివేసిన చాలును. ఈ సంఖ్య 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417 అను ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధము. వీనిలో 641 దాగియున్న చోటును ఐరోపాలో ఆయిలరు 1732లో కనుగొనెను.

వడ్లగింజ యొక్కొక్కటి 25 మిల్లీగ్రాములనుకొన్నచో ఈ రాశి 46 వేల కోట్ల టన్నులగును. మన డెల్టా మాట అటుంచి, నేటి ప్రపంచపు వరిపంట యావత్తు వందల యేండ్లు పోగుచేసినగాని అంత కాదు.

క్రీ.శ. 1000 ప్రాంతమున అల్ బిరూనీ తన అరబ్బీ గ్రంథమున ఈ చదరంగపు లెక్కనే వర్గములు చేయుచు సాధించెను. ఆయన అంకెలును మల్లన అంకెలును ఇరువదింటికి ఇరువదియు ఒక్కటే.