గోలు కాచినవాడు

ఉదయగిరి, ఆత్మకూరు వైపు సంఘాల్లో సెలవులొస్తే మన యౌవనస్థులు బంతాట ఆడుతుంటారు. అందరికీ ముందుకు ఉరికి గోలు కొట్టాలనే ఉంటుంది. గోలు కాయమంటే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చివరికి పరుగెత్తలేనివాణ్ణో, అందరిలో చిన్నవాణ్ణో అక్కడ నిలబెడతారు. అలాంటివారికి పీటర్ తంగరాజ్ గారి సంగతి చెప్పాలనిపిస్తుంది మనకు.

ఆయన 1935లో హైదరాబాదులో పుట్టారు. సికింద్రాబాదు క్లబ్బుల్లో ఆడి, సైన్యంలో చేరి, వెల్లింగ్టన్‌లోని మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టులోకి వచ్చారు. మొదట ఆయనా గోలు కొట్టే సెంటర్ ఫార్వర్డే! తర్వాతే గోలు కాయడానికి మారారు. చప్పట్లు దొరికే చోటు వదిలి నిందలు దొరికే చోటికి వెళ్లడం చిన్న సంగతా? పదిసార్లు బంతి ఆపినా ఎవరికీ గుర్తుండదు, ఒక్కసారి వదిలితే ఊరంతా చెప్పుకుంటుంది. ఆరడుగులు దాటిన ఎత్తు ఆయనకు కలిసొచ్చింది. ఆ సెంటర్ జట్టు 1955లోనూ, 1958లోనూ డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌కు ఆయన భారత జట్టుతో వెళ్లారు. 1958లో ఆసియాలో ఉత్తమ గోల్‌కీపర్ అనిపించుకున్నారు.

దినవృత్తాంతముల గ్రంథంలో ద్వారపాలకుల పేర్లు వచ్చినప్పుడు మనం గబగబా పేజీ తిప్పేస్తాం. ఏ గుమ్మం ఎవరిదో చీట్లు వేసి మరీ తేల్చారని అక్కడ రాసి ఉంది. గుమ్మం దగ్గర నిలబడే పనిని దేవుని ప్రజలు అంత లెక్కగా చూశారు.

1962 ఆసియా క్రీడలు జకార్తాలో జరిగాయి. కోచ్ మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. తంగరాజ్ ఫ్లూతో పడకేస్తే ప్రద్యుత్ బర్మన్ గోలు కాచారు. ఆటలు ఒక్కొక్కటే గెలుచుకుంటూ పోతుంటే, అంత పేరున్న మనిషి బయట కూర్చుని చూడవలసి వచ్చింది. మన సంఘాల్లో పాట ఒకరి నుంచి ఇంకొకరికి మారితేనే మనసులు ఎంత కష్టపడతాయో మనకు తెలుసు!

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ అదే కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వని విషయంలో భారత ప్రతినిధి అభ్యంతరం చెప్పారని స్థానికులు కోపంగా ఉన్నారు. లక్షమంది దాకా జనం, అందులో ఎక్కువమంది మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. రహీం గారు తంగరాజ్‌ను మళ్లీ గోలులో నిలబెట్టారు. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపారు. పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరొక గోలు కొట్టారు. ఆట ముగియవస్తుండగా కొరియా ఒక గోలు వేసింది. రెండోది తంగరాజ్ దాటనివ్వలేదు. 2-1తో స్వర్ణం మనదైంది. మరుసటి ఏడు జూన్‌లో రహీం గారు కన్నుమూశారు.

కలకత్తాలో మోహన్ బగాన్, మొహమ్మదన్ స్పోర్టింగ్, ఈస్ట్ బెంగాల్ మూడు జట్లకూ తంగరాజ్ ఆడారు. 1967లో అర్జున అవార్డు వచ్చింది. ఆట మానాక కుర్రవాళ్లకు నేర్పుతూ గడిపి, 2008 నవంబరులో బొకారోలో మరణించారు.